దేవుని కనికరం పొందానన్న నమ్మకం ఉంది, సమాధానం (శాంతి) మాత్రం లేదు: ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?

ప్రశ్న: పాలకొల్లు విశ్వాసి

ప్రభువునందు అందరికీ వందనములు. నేను దక్షిణ ఇండియా సంఘంలో పుట్టి పెరిగినవాడిని, వయస్సు 52. మా నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లిన తరువాత ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరితోట పంపకంలో మా అన్నయ్యకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. సర్వేయరును పిలిపించి కొలిపించగా నా వాటాలో నాలుగు సెంట్లు ఆయన గట్టు లోపల ఉన్నట్లు తేలింది. అయినా సరిహద్దు రాళ్లు ఈనాటికీ పాతచోటనే ఉన్నాయి. ఇది జరిగి 11 సంవత్సరాలయింది. ఇద్దరమూ ఒకే గుడికి వెళ్తాము. సంస్కారపు (ప్రభురాత్రి భోజనపు) ఆదివారాల్లో ఒకరికొకరం సమాధానపు చేతులు అందించుకునే వేళ ఆయన కూర్చున్న వరుస దగ్గరకు నేను వెళ్లను, ఆయన నా వైపు చూడరు.

మూడేళ్ల క్రితం మంచి శుక్రవారం నాడు, ప్రభువు సిలువమీద పలికిన ఏడు మాటల ధ్యానంలో కూర్చుని, "ప్రభువా, మా అన్నను క్షమించాను" అని కన్నీళ్లతో ప్రార్థించాను. ఆ ప్రార్థన అబద్ధం కాదు. కాని ఆ నాలుగు సెంట్లలోని చెట్ల కాయలను దింపు తీయించి ఆయన రాశి పోయించిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టదు.

పౌలు సంఘాలకు వ్రాసేటప్పుడు "కృపయు సమాధానమును" అని పలకరించి, తిమోతికి వ్రాసిన రెండు పత్రికల్లోను మాత్రం ఆ రెండింటి నడుమ "కనికరమును" అనే మాటను చేర్చాడు. ఆ వరుసను బట్టి చూస్తే కనికరం పొందినవాడికి సమాధానం దానంతట అదే రావాలి కదా అన్నది నా సందేహం. ఇంకా ప్రార్థించమని మా పాస్టరుగారు చెప్పారు. ఒక స్నేహితుడైతే, "నీవు నిజంగా రక్షణ పొందలేదేమో చూసుకో" అన్నాడు. ఆ మాట గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది. తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.


జవాబు 1: గుంటూరు ఉపదేశి (లూథరన్)

సహోదరా, ముందుగా మీ స్నేహితుడి మాటను పక్కన పెట్టండి. నిద్ర పట్టకపోవడం రక్షణ లేదనడానికి గుర్తయితే, కీర్తనలు వ్రాసిన దావీదుకు కూడా రక్షణ లేదనవలసి వస్తుంది.

మన తెలుగు బైబిలులో "సమాధానము" అన్న మాటను కాస్త ఆగి చూడాలి. బయటివారికి సమాధానమంటే అడిగిన ప్రశ్నకు ఇచ్చే జవాబు. మనకు అది శాంతి. సంస్కృతంలో ఆ మాటకు మూలార్థం విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి పెట్టడం. హెబ్రీ భాషలో "షాలోమ్" అన్నదానికి కూడా కొరత లేకుండా నిండుగా ఉండడమని అర్థం, అదే ధాతువు నుండి బాకీ తీర్చడమనే మాట కూడా వచ్చింది. కనుక లేఖనంలో సమాధానం మొదట మనసుకు సంబంధించిన మాట కాదు, తెగిన సంబంధం మళ్లీ అతుక్కొని లెక్క తేలిన స్థితికి సంబంధించిన మాట.

రోమా పత్రిక 5వ అధ్యాయం మొదటి వచనం చూడండి. "దేవునితో సమాధానము కలిగియుందము" అని మనం చదువుతాము. గ్రీకు ప్రాచీన ప్రతుల్లో కొన్నిటిలో "కలిగియుందము" అని, మరికొన్నిటిలో "కలిగియున్నాము" అని ఉంది. రెండింటికీ తేడా ఒక్క అచ్చు పొడవే. పౌలు వాదనను మొదటినుండి పట్టుకొని వస్తే "కలిగియున్నాము" అనేదే అక్కడ సరిగా అమరుతుందని నా అభిప్రాయం. శత్రువులమై ఉండగానే కుమారుని మరణము ద్వారా దేవుడు మనలను తనతో సమాధానపరచుకున్నాడని ఆయన పది వచనాల దూరంలోనే చెబుతున్నాడు. అది క్రీస్తు చేసి ముగించిన పని, మన మనసు ఈ పూట ఎలా ఉందన్న దానిమీద ఆధారపడి ఉండదు.

మా సంఘానికి పేరునిచ్చిన మార్టిన్ లూథరు 1505లో జర్మనీలోని ఎర్ఫర్టులో ఉన్న అగస్టీనియన్ మఠంలో చేరిన తరువాత, తాను చేసిన చిన్న చిన్న పాపాలను సైతం తవ్వుకుంటూ తన ఆత్మీయ పెద్ద అయిన ష్టౌపిట్స్ దగ్గర గంటల తరబడి ఒప్పుకోలు చేసేవాడు. అయినా బయటికి వచ్చీ రాగానే మరొక పాపం గుర్తుకు వచ్చేది. తనలోపల సమాధానాన్ని వెదికినంతకాలం అది ఆయనకు దొరకలేదు. దేవుని నీతి అంటే మనలను శిక్షించే నీతి కాదని, కనికరంతో మనకు ఉచితంగా దయచేసే నీతి అని రోమా పత్రికలో చదివి గ్రహించిన తరువాతనే ఊపిరి పీల్చుకున్నాడు.

యెషయా 54:10 చదువుకోండి: "పర్వతములు తొలగిపోయినను మెట్టలు తత్తరిల్లినను నా కృప నిన్ను విడిచిపోదు, సమాధానవిషయమైన నా నిబంధన తొలగిపోదు." ఈ మాట చెప్పినవానిని ప్రవక్త "నీయందు జాలిపడు యెహోవా" అంటున్నాడు. సమాధానం ఇక్కడ నిబంధన, అంటే దేవుడు చేసిన ఒడంబడిక. దాన్ని నిలబెట్టేది జాలిపడేవాని మాటే గాని మీ నిద్ర కాదు. మీ అన్నగారితో తెగిన మాట వేరే సంగతి, దాన్ని దీనితో కలిపి మీ రక్షణను శంకించుకోకండి.


జవాబు 2: విజయవాడ ఉపాధ్యాయిని (ఆర్.సి.ఎం., రోమన్ కాథలిక్)

ఉపదేశిగారు చెప్పినదానిలో మొదటి సగం నాకు పూర్తిగా సమ్మతమే. కాని అన్నగారి విషయం "వేరే సంగతి" అన్నచోట మాత్రం నేను ఆగిపోయాను. అది అంత వేరుగా ఉంటే ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆ రెండింటినీ ఒకే వాక్యంలో కట్టి ఉండేవాడు కాదు: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము."

మా దివ్యబలిపూజలో ఒక క్రమం ఉంది. పరలోక ప్రార్థన, దాని వెనుక ఒకరికొకరు సమాధానం చెప్పుకోవడం, ఆ తరువాత రొట్టెను విరిచే వేళ "లోక పాపములను మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల"ను ఉద్దేశించి చేసే మనవి. ఈ మనవిని రొట్టె విరిచేటప్పుడు గురువులూ ప్రజలూ కలిసి పాడాలని 7వ శతాబ్దం చివర, సిరియా మూలాలున్న మొదటి సెర్గియస్ పోపుగారు ఏర్పాటు చేశారు. తొలినాళ్లలో ప్రతిసారీ "మమ్ము కరుణించుము" అనే పాడేవారు. సుమారు 10, 11 శతాబ్దాల్లో చివరిసారి పాడే మాట మారి, "మాకు శాంతిని దయచేయుము" అయింది. రోములోని లాటరన్ మహాదేవాలయంలో మాత్రం పాత పద్ధతి నిలిచింది. నాకు ఈ మార్పు చాలా నచ్చుతుంది. రెండుసార్లు కరుణ కోసం చేయి చాచిన తరువాత గాని శాంతిని అడగడానికి నోరు రాలేదన్నమాట. అడిగేది కూడా వధించబడిన గొఱ్ఱెపిల్లను.

యోహాను 20వ అధ్యాయంలో తలుపులు మూసుకొని ఉన్న శిష్యుల మధ్య నిలిచి ప్రభువు మూడుసార్లు "మీకు సమాధానము కలుగును గాక" అన్నాడు (19, 21, 26 వచనాలు). ఆయనను విడిచి పారిపోయినవారు వాళ్లు, తెలియదని బొంకినవాడు కూడా వాళ్లలోనే ఉన్నాడు. ఆయన ఎవరినీ సంజాయిషీ అడగకుండా తన చేతులను, ప్రక్కను చూపించాడు. రెండవసారి సమాధానం చెప్పిన వెంటనే పరిశుద్ధాత్మను ఊది, పాపాలు క్షమించే పనిని వారికి అప్పగించాడు. కనికరం పొందినవారి చేతికే కనికరించే పని వచ్చింది. ఈస్టరు తరువాతి ఆదివారం మేము చదివే సువార్త ఇదే. పోలండుకు చెందిన కన్యక (కాన్వెంటు సన్యాసిని) ఫౌస్తీనాగారిని పునీతురాలిగా ప్రకటించిన 2000 ఏప్రిల్ 30న, ఆ ఆదివారాన్ని దైవకారుణ్య ఆదివారంగా ఆచరించాలని రెండవ జాన్ పాల్ పోపుగారు చెప్పారు. నమ్మకంతో దైవకరుణ వైపు తిరిగేదాకా మానవజాతికి శాంతి ఉండదని ఆమె వ్రాసుకున్న డైరీలో ప్రభువు మాటగా ఉంది. ఆమె 1938 అక్టోబరులో క్రాకోవులో 33 ఏళ్లకే కన్నుమూశారు. ఏడాది తిరగకముందే ఆ దేశం యుద్ధంలో మునిగిపోయింది.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మత్తయి 18లోని క్షమించని దాసుడి ఉపమానం, రాజు తన అప్పు కొట్టివేసినా తోటి దాసుడి బాకీని విడిచిపెట్టనివాడి కథ, మీకు కొత్తది కాదు. అయినా లెక్క వేసి చూడండి, నేను పిల్లలకు అలాగే చెబుతాను. ద్రాక్షతోట ఉపమానంలో రోజు కూలి ఒక దేనారము. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. రోజు కూలి 500 రూపాయలనుకుంటే, తోటి దాసుడు ఇవ్వవలసిన నూరు దేనారములు 50,000 రూపాయలు. రాజుకు వీడు బాకీపడిన పదివేల తలాంతులు 3,000 కోట్ల రూపాయలు. చాలా బోధల్లో ఆ నూరు దేనారములను చిల్లర డబ్బన్నట్టు తీసిపారేస్తారు, అది సరికాదు. కూలివాడికి మూడు నెలల పైచిలుకు రెక్కల కష్టం అది. ప్రభువు దాన్ని చిన్నదనలేదు. మీ నాలుగు సెంట్లు కూడా చిన్నవి కావు.

ఆ దాసుడు రాజు కాళ్లమీద పడి ఏమడిగాడో గమనించారా? క్షమించమని అడగలేదు, గడువు అడిగాడు. ఓర్చుకుంటే అంతా చెల్లిస్తానన్నాడు. రాజు గడువు ఇవ్వలేదు, అప్పే కొట్టివేశాడు. కాని వాడి చెవికి అది గడువుగానే వినబడినట్లుంది. అందుకే బయటికి రాగానే వసూళ్లు మొదలుపెట్టి తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఋణపత్రం చిరిగిపోయిందని తెలియనివాడికి సమాధానం ఎక్కడినుండి వస్తుంది? మీరు మంచి శుక్రవారం నాడు చేసిన ప్రార్థన అబద్ధం కాదని నేనూ నమ్ముతున్నాను. అయితే అది మీ అన్నగారి బాకీ గురించిన ప్రార్థన. మీ బాకీ సంగతి ఆనాడు తలుచుకున్నారా?


జవాబు 3: ఒంగోలు పాఠకుడు

అక్కగారు ఇంత పెద్ద వివరణ ఇచ్చారు గాని విషయం చిన్నది. కొరింథీయులకు పౌలు సూటిగానే చెప్పాడు. సహోదరుని మీద వ్యాజ్యెమాడడం కంటే అన్యాయం సహించడమే మేలని, సొత్తు పోగొట్టుకోవడమే మేలని. నాలుగు సెంట్లు వదిలేసి అన్నగారి చేయి పట్టుకోండి, ఆ రాత్రే నిద్ర పడుతుంది.


జవాబు 4: మెదక్ విశ్రాంత న్యాయవాది

ఒంగోలు సహోదరుని మాట వినడానికి సులువుగా ఉంది గాని, నలభై ఏళ్లు సివిలు కోర్టుల్లో గడిపినవాడిగా ఆ సలహాను నేను అనుమానంగానే చూస్తాను. మన సంఘాల్లో పెద్దలు కూర్చుని రాజీ చేసేటప్పుడు సర్దుకుపొమ్మనేది ఎప్పుడూ బలహీనుడినే. విధవరాలైన కోడలిని, దూరదేశంలో ఉన్న తమ్ముడిని, చదువురాని చెల్లెలిని పిలిచి, "క్రైస్తవులము కదా" అంటారు. బలవంతుడి దగ్గరకు వెళ్లి ఆ మాట అనరు. "సమాధానము లేని సమయమున సమాధానము సమాధానము" అని చెప్పేవారిని గురించి యిర్మీయా వాపోయింది ఇటువంటి వ్యవహారాన్ని చూసే. పైపైన కట్టిన గాయం లోపల కుళ్లుతుంది. పౌలు మాట సత్యమే. అయితే అది అన్యాయానికి గురైనవాడు తనంతట తాను ఎన్నుకోవలసిన దారి. ఇతరులు అతని తరఫున దాన్ని ఎన్నుకుంటే అది కనికరం కాదు.

సుంకపు గుత్తదారు జక్కయ్య సంగతి చూడండి. ప్రభువు అతని ఇంటికి ముందే బయలుదేరాడు, లెక్కలు తేల్చుకున్నాక రమ్మనలేదు. అక్కడ కనికరం మొదట వచ్చింది. ఆ కనికరం ఇంట్లోకి వచ్చాకనే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అతడు లేచి నిలబడి అన్నాడు. కనికరం లెక్కను చెరిపివేయలేదు, లెక్క ఒప్పుకునే ధైర్యాన్ని ఇచ్చింది. నేను చూసినంతలో కోర్టు ఆజ్ఞ రాళ్లను జరిపించగలదు గాని ఆ ధైర్యాన్ని ఇవ్వలేదు.

మన దేశంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. కేరళనుండి వచ్చి మధ్యప్రదేశ్‌లో పేద కూలీల మధ్య, వడ్డీవ్యాపారుల పట్టునుండి వారిని విడిపించే పని చేస్తున్న సిస్టర్ రాణీ మరియాను 1995 ఫిబ్రవరి 25న బస్సులోంచి ఈడ్చి కత్తితో పొడిచి చంపారు. చంపినవాడికి యావజ్జీవ శిక్ష పడింది. 2002లో ఆమె సొంత చెల్లెలు, తానూ కన్యకయే, ఇండోరు జైలుకు వెళ్లి రాఖీ కట్టి అతడిని సోదరుడని పిలిచింది. న్యాయస్థానం తీర్పు ఆ రాఖీతో రద్దు కాలేదు. అతడు మరి నాలుగేళ్లు జైలులోనే ఉన్నాడు. అతడి విడుదలకోసం ఆ కుటుంబమే మనవి చేయగా 2006లో బయటికి వచ్చాడు. 2017 నవంబరు 4న ఇండోరులో సిస్టర్ రాణీ మరియాను ధన్యురాలిగా (పునీతురాలిగా ప్రకటించడానికి ముందు మెట్టు) ప్రకటించారు. శిక్ష పని శిక్ష చేసింది, రాఖీ పని రాఖీ చేసింది. ఈ రెండింటినీ గందరగోళం చేయకపోవడం వల్లనే అక్కడ కలిగిన సమాధానం నకిలీది కాలేదని నేననుకుంటాను.

కనుక పాలకొల్లు సహోదరునికి నా సలహా ఇది. సర్వే కాగితాన్ని చించవద్దు. రాళ్లను సరిచేయమని అడిగే హక్కు మీకు ఉంది, ఉంచుకోండి. కాని ఆ రాళ్లు కదిలేదాకా పలకరింపును తాకట్టు పెట్టవద్దు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని రోమా 12:18లో ఉన్న రెండు షరతులు మనలాంటివారి కోసమే వ్రాసినట్లుంటాయి. అవతలివాడి చేతిలో ఉన్న భాగానికి మిమ్మల్ని ఎవరూ బాధ్యులను చేయరు.

మరొక్క మాట. మీరూ నేనూ ఒకే సంఘంవాళ్లము. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత, 1950లో సిద్ధమైన ప్రభురాత్రి భోజన క్రమంలో చేతులు అందించుకోవడాన్ని కానుకలకు ముందు పెట్టారు. అది అలా తోచి పెట్టినది కాదు. కొండమీది ప్రసంగంలో బలిపీఠం దగ్గర అర్పణను విడిచిపెట్టి, మొదట సహోదరునితో సమాధానపడమన్న వచనం అక్కడ ఆచారంగా మారింది.


జవాబు 5: విజయవాడ ఉపాధ్యాయిని

న్యాయవాదిగారు చెప్పింది చదివి, నేను లెక్కల్లో పడి విడిచిపెట్టిన అంచు ఇదే కదా అనిపించింది, ధన్యవాదాలు. ఆయన ప్రస్తావించిన వచనాన్నే పాలకొల్లు తమ్ముడుగారు మరొకసారి చదవాలని కోరుతున్నాను. మత్తయి 5:23లో, నీకు నీ సహోదరుని మీద విరోధమున్నదని జ్ఞాపకము వస్తే అని లేదు. నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా కలదని జ్ఞాపకము వస్తే అని ఉంది. మేము ఎన్నిసార్లు చదివినా దీన్ని తిరగేసి చదువుతాము.


జవాబు 6: పాలకొల్లు విశ్వాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ వందనములు. రెండు రోజులు ఆలస్యంగా వ్రాస్తున్నాను, మన్నించండి.

నాలుగు సెంట్లు చిన్నవి కావని అక్కగారు వ్రాసిన వాక్యం దగ్గర మొదట ఊరట కలిగింది. పదకొండేళ్లలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అందరూ "పోనిద్దూ" అన్నవారే. ఆ ఊరటతోనే కింది వాక్యాలు కూడా చదవగలిగాను, లేకపోతే అక్కడే మూసివేసేవాడిని.

మత్తయి 5:23 నిజంగానే నేను తిరగేసి చదువుతూ వచ్చాను. రాత్రి కూర్చుని, మా అన్నయ్యకు నామీద ఏముందని మొదటిసారి ఆలోచించాను. నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను కువైటులో ఉన్నాను. నాలుగేళ్లు మంచంమీద ఉన్న మనిషిని ఎత్తి కూర్చోబెట్టి స్నానం చేయించింది మా అన్నయ్య, వదిన. నేను నెలనెలా డబ్బు పంపాను. మొదటి రెండేళ్లు సరిగా పంపాను. తరువాత మా ఇంటి స్లాబు వేయించే పనిలో పడి తగ్గించాను, ఆఖరి సంవత్సరం దాదాపు పంపలేదు. ఆసుపత్రి బిల్లులు ఎంతయ్యాయో నేను ఈనాటివరకు అడగలేదు. ఆయన చెప్పలేదు. గట్టు జరగడానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు, ఉండి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను క్షమించానన్న ప్రార్థనలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఉపదేశిగారు చెప్పిన నిబంధన తొలగిపోదని నమ్ముతున్నాను, ఆ ధైర్యంతోనే ఇదంతా ఇక్కడ వ్రాయగలుగుతున్నాను.

ఈ శనివారం సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లి బిల్లుల లెక్క అడుగుతానని మా ఇంటావిడతో చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, వదినకు చక్కెర వ్యాధి కనుక మిఠాయిలు కొనవద్దని, అరటిపళ్లు తీసుకువెళ్లమని చెప్పింది. న్యాయవాదిగారు చెప్పినట్లు సర్వే కాగితం బీరువాలోనే ఉంటుంది. ఆ రోజు రాళ్ల మాట ఎత్తకూడదని అనుకున్నాను. ఆయనే ఎత్తితే ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.